నెల సరుకుల చీటీతో బరువు లెక్క: వంటింట్లో శక్తి జమాఖర్చు వేసే పద్ధతి

నలుగురున్న ఇంట్లో అయిదు లీటర్ల నూనె క్యాను నెలకు అయిపోతోందంటే, తలా రోజుకు 38 గ్రాముల నూనె కడుపులోకి పోతున్నట్టు. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. అయిదు లీటర్లంటే 4,550 గ్రాములు. దాన్ని 30 రోజులకు, నలుగురికి పంచితే 38 వస్తుంది. నూనె గ్రాముకు 9 కేలరీలు కాబట్టి రోజుకు 340 కేలరీలు. అదే క్యాను 42 రోజులు వచ్చిందనుకోండి, తలా 27 గ్రాములు, అంటే 243 కేలరీలు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కొలత కూడా ఆ 27 గ్రాములే, నెయ్యీ వెన్నా కలుపుకొని.

రెంటికీ తేడా దాదాపు వంద కేలరీలు. కంచంలో అన్నం తగ్గలేదు, ఎవరూ ఆకలితో లేవలేదు. అందుకే బరువు తగ్గాలనుకుంటే ఫోన్లో కేలరీల యాప్ వెతికే ముందు సరుకుల చీటీ తీయండి. (ఇక్కడ కేలరీ అంటే ప్యాకెట్ల మీద వేసే కిలో కేలరీయే.)

చీటీ లెక్క

గత రెండు నెలల చీటీలు చాలు. బియ్యం, పిండి, రవ్వ, పప్పులు, నూనె, నెయ్యి, చక్కెర, పల్లీలు, పాలు వీటిని మాత్రం రాసుకోండి. కూరగాయల్ని వదిలేయండి. దొండకాయ తిని లావెక్కినవాళ్లు లేరు, దాన్ని వేయించిన నూనెతో ఎక్కుతారు. ఒక్కో సరుకు బరువును గ్రాముల్లోకి మార్చి, రోజులతో, మనుషులతో భాగించండి. పదేళ్లలోపు పిల్లల్ని అరమనిషిగా లెక్కేస్తే సరిపోతుంది.

వంద గ్రాములకు కేలరీలు సుమారుగా ఇలా ఉంటాయి: బియ్యం 355, గోధుమపిండి, రాగిపిండి, కొర్రలు 320 నుంచి 340, కందిపప్పు 330, చక్కెర 400, పల్లీలు 520 నుంచి 570, నూనె 900. పాలయితే వంద మిల్లీలీటర్లకు టోన్డ్ రకం 60, ఫుల్ క్రీమ్ 85 నుంచి 90.

నలుగురికి నెలకు 25 కిలోల బియ్యం బస్తా (ఇప్పుడు చాలాచోట్ల 26 కిలోలవే వస్తున్నాయి లెండి) అంటే తలా 208 గ్రాములు, 740 కేలరీలు. మూడు కిలోల చక్కెర అంటే తలా 25 గ్రాములు, 100 కేలరీలు.

ఈ లెక్క తప్పేది మూడు చోట్ల. బయటి తిండి చీటీలోకి రాదు. కర్రీ పాయింట్‌లో కొన్న కూర, ఆఫీసు క్యాంటీన్ టిఫిను, సాయంత్రం మిర్చి బజ్జీ ఏవీ ఇందులో కనబడవు. వేపుళ్లయ్యాక పారబోసిన నూనెను తినని లెక్కలోకి తీసేయాలి. నెలలో వారం రోజులు చుట్టాలుంటే ఆ నెల పనికిరాదు, ఇంకో నెల తీసుకోండి.

కొర్రలు, రాగుల అంకెలు చూశారుగా. తెల్లబియ్యానికీ వాటికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ, కడుపు తొందరగా నిండుతుంది, ఆ మేరకు తక్కువ తింటే లాభం. "చిరుధాన్యమే కదా" అని కొలత లేకుండా పెట్టుకుంటే బరువు కదలదు.

ఖర్చు వైపు

ఒంట్లో శక్తి ఖర్చు మూడు పద్దుల్లో పోతుంది. పడుకున్నా సరే గుండె, మెదడు, కాలేయం, కండరాలు నడవడానికి అయ్యేది పెద్ద పద్దు, మొత్తంలో 60 నుంచి 70 శాతం. తిన్నది అరిగించుకోవడానికి ఓ 10 శాతం. మిగతాది కదలికలకు.

మొదటి పద్దును అంచనా వేయడానికి 1990 నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఇది. బరువు కిలోల్లో × 10, ఎత్తు సెంటీమీటర్లలో × 6.25, రెండూ కలిపి అందులోంచి వయసు × 5 తీసేయండి. మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. ఇది అమెరికా మనుషుల మీద కట్టిన సూత్రం. మనవాళ్లకు కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి 5 శాతం తగ్గించుకుని మొదలుపెట్టడం మేలు.

42 ఏళ్లు, 156 సెంటీమీటర్లు, 70 కిలోల గృహిణిని తీసుకుందాం. 700 + 975 − 210 − 161 = 1,304. అయిదు శాతం తీస్తే 1,240. ఇంటిపని తప్ప వేరే శ్రమ లేకపోతే దాన్ని 1.4తో హెచ్చవేయాలి, 1,735 వస్తుంది. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు 1.6, పొలం పనికో మేస్త్రీ పనికో వెళ్లేవాళ్లకు 1.8 ఆ పైన.

ఈ అంకెను మరీ నమ్మకండి. ఒకే ఎత్తు, ఒకే బరువున్న ఇద్దరి మధ్య కూడా రెండు మూడు వందల తేడా ఉండొచ్చు. 1999లో అమెరికాలో 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా పెట్టి చూశారు. ఒకరికి అర కిలో కూడా కొవ్వు పెరగలేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. ఎక్కువ తిన్నప్పుడు కొందరి శరీరం తెలియకుండానే ఎక్కువ కదులుతుంది. కాలు ఊపడం, లేచి తిరగడం, నిలబడి మాట్లాడటం లాంటివన్నమాట. "వాడెంత తిన్నా ఒళ్లు పట్టదు" అనే మాట వెనక ఉన్నది చాలావరకు ఇదే.

సూత్రం కన్నా నమ్మకమైనది మీ తూకమే. రెండు వారాలపాటు సగటు బరువు మారలేదంటే మీ రాబడీ ఖర్చూ సమానంగా ఉన్నట్టే. రాబడి 1,700 అయినా, 2,100 అయినా పట్టించుకోనక్కర్లేదు. ఉన్నదాంట్లోంచి ఎంత తీస్తున్నామో కచ్చితంగా తెలిస్తే చాలు. ఈ పద్ధతి మొత్తం దీనిమీదే నిలబడింది.

తూకం ఎప్పుడు, ఎలా

పొద్దున లేచి, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, కాఫీ కూడా తాగకముందు, పలుచటి బట్టల్లో తూగాలి. మిషను గట్టి నేలమీద ఉండాలి. చాప మీదో కార్పెట్ మీదో పెడితే అంకె తప్పుతుంది. రోజూ రాయండి, కానీ రోజు అంకె చూసి సంబరపడొద్దు, దిగులుపడొద్దు. ఏడు రోజుల సగటునే పోల్చాలి.

ఎందుకో చూడండి. మొదటి వారం: 70.4, 70.1, 70.3, 69.9, 70.0, 70.8, 70.5. రెండో వారం: 70.2, 69.8, 69.7, 70.1, 69.6, 69.9, 70.4. మొదటిరోజూ 70.4, పద్నాలుగో రోజూ 70.4. "రెండు వారాలు నోరు కట్టుకుంటే గ్రాము తగ్గలేదు" అని వదిలేసేది ఇక్కడే. సగటు తీస్తే మొదటి వారం 70.3, రెండోది దాదాపు 70.0. మూడు వందల గ్రాములకు పైగా తగ్గింది.

రోజుకో కిలో అటూ ఇటూ ఊగేది నీరు. రాత్రి ఆవకాయ, అప్పడాలు తింటే ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా 400, 500 గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం తగ్గించిన మొదటి వారంలో కిలో, కిలోన్నర దిగేది ఈ నిల్వే. పెళ్లి భోజనం చేసిన మర్నాడు తిరిగొచ్చేదీ అదే. ఒక్క పూటలో కిలో కొవ్వు పెరగాలంటే ఒంటి ఖర్చుకు మించి 7,700 కేలరీలు తినాలి, విస్తట్లో అన్ని పట్టవు. నెలసరికి ముందు వారం కూడా నీరు చేరుతుంది. ఆడవాళ్లు ఈ నెలసరి తర్వాతి వారాన్ని వచ్చే నెలసరి తర్వాతి వారంతో పోల్చుకుంటే తికమక ఉండదు.

చెమట పట్టించి తగ్గించేదీ నీరే. రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తుంది.

ఎంత తీయాలి

రోజుకు 300 నుంచి 500 కేలరీల మధ్య. పైన చెప్పిన గృహిణికి 350 తీసి 1,400 దగ్గర ఉంచితే నాలుగు వారాలకు 9,800 కేలరీలు, 7,700తో భాగిస్తే కిలోంబావు కొంచెం పైన. ఆడవాళ్లు 1,200 కన్నా కిందికి వైద్యుల పర్యవేక్షణ లేకుండా దిగకూడదు. మరీ తక్కువ తింటే కొవ్వుతోపాటు కండ కరుగుతుంది, జుట్టు ఊడుతుంది, మూడోవారానికి గిన్నె మీద పడతారు.

350 ఎక్కణ్నించి తీయాలి? నూనెలో వంద. చక్కెర పూర్తిగా మానేస్తే ఇంకో వంద. బియ్యంలో 40 గ్రాములు తగ్గిస్తే 140. మొత్తం 340. మూడే మార్పులు, మూడూ చీటీలో కనబడేవే. ఒక్క అన్నాన్నే సగం కోసేసి మిగతావి ముట్టుకోకుండా ఉండటం కన్నా ఇది చాలాకాలం నిలుస్తుంది.

గిన్నెలో, గరిటెలో కొలత

పదిహేను రోజులు వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ తూకం వాడండి. ఆ తర్వాత దాన్ని పైకి సర్దేయొచ్చు, కంటికి కొలత వచ్చేస్తుంది.

అన్నాన్ని ఇలా కొలవాలి. కడిగే ముందు బియ్యం తూచండి, ఉదాహరణకు 400 గ్రాములు, 1,420 కేలరీలు. ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకుని, వండాక అన్నం బరువు చూడండి. 1,150 గ్రాములు వచ్చిందనుకుంటే గ్రాముకు 1.24 కేలరీలు. కంచంలో 300 గ్రాములు పెట్టుకుంటే 370. ఇక మీ అన్నం గరిటెతో తలకొట్టి ఒక గరిటె తీసి తూచండి. ఒక్కో ఇంట్లో గరిటె ఒక్కో సైజు కాబట్టి పక్కింటి లెక్క మీకు పనికిరాదు. కుక్కరుతో ఇచ్చే 180 మిల్లీలీటర్ల కప్పుకు సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది.

ఇడ్లీలను నానబెట్టక ముందే లెక్క కట్టడం సులువు. 200 గ్రాముల మినప్పప్పు, 400 గ్రాముల ఇడ్లీరవ్వ కలిపి దాదాపు 2,050 కేలరీలు. 36 ఇడ్లీలు వస్తే ఒక్కోటి 57. మూడు తిన్నా 171. పల్లీ చట్నీ ఒక్కటే దాదాపు వాటికి సమానం: మనిషికి 20 గ్రాముల పల్లీలు పడితే 110, దాని మీద టీస్పూను నూనె పోపు 40. ఇడ్లీలు రెండుకు తగ్గించి చట్నీ గిన్నె నాకేసే డైటింగు ఎందుకు పనిచేయదో తెలిసిపోయింది కదా. సాంబారు, టమాటా చట్నీ ఈ విషయంలో నయం.

గారెలు, పూరీలు, బజ్జీలు ఎంత నూనె పీలుస్తాయో తెలుసుకోవాలంటే మూకుడును నూనెతో సహా వేయించే ముందు తూచండి, అయ్యాక చల్లారనిచ్చి మళ్లీ తూచండి. వేడి మూకుడు తూకం మీద పెట్టొద్దు, కాలడమే కాక యంత్రమూ పాడవుతుంది. 200 గ్రాముల మినప్పప్పుతో 16 గారెలు చేస్తే 110 గ్రాముల నూనె తగ్గిందనుకుందాం. పప్పు 660, నూనె 990, మొత్తం 1,650. గారెకు 103 కేలరీలు, అందులో సగానికి పైగా నూనెదే. నూనె సరిగా కాగకముందు వేస్తే ఇంకా ఎక్కువ పీలుస్తాయి. పిండి జారుగా రుబ్బినా అంతే.

నూనె సీసా

నలుగురి ఇంటికి వారానికి 27 × 7 × 4 = 756 గ్రాములు, సుమారు 830 మిల్లీలీటర్లు. ఆదివారం ఒక సీసాలో అంత పోసి గుర్తు పెట్టండి. వారమంతా పోపులు, కూరలు, దోసెలు, వేపుళ్లు అన్నీ అందులోంచే. నెయ్యి వాడితే ఆ మేరకు ముందే తగ్గించి పోయాలి. మొదటి వారం గురువారానికే ఖాళీ అవుతుంది, కంగారుపడకండి. ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికే మొదటి వారం.

సాధారణంగా పోయేది వేపుళ్లలో. వంకాయ, బెండకాయ స్పాంజిలా పీలుస్తాయి. వంకాయ ముక్కల్ని ముందు ఆవిరి మీద ముప్పాతిక ఉడికించి, చివర్లో రెండు టీస్పూన్ల నూనెలో కారం పట్టించండి. దొండకాయ, బంగాళాదుంప మూతపెట్టి నీళ్లు చిలకరిస్తూ మగ్గించి, దగ్గరపడ్డాక నూనె వేయండి. ముందే వేస్తే ముక్క పీల్చేసి మళ్లీ అడుగంటుతుంది, మళ్లీ పోస్తారు. పోపుకు సీసా వంచే అలవాటు మానేసి స్పూనుతో వేయాలి. వంచి పోసేటప్పుడు రెండు టేబుల్ స్పూన్లు తెలియకుండా పడిపోతాయి, అది 240 కేలరీలు. చారు పోపుకు ఒక టీస్పూను చాలు.

పచ్చడి సంగతి వేరు. ఆవకాయ ముక్క తినండి, పైన తేలిన నూనెను అన్నంలో పోసుకోకండి. అది సీసా లెక్కలోకి రాని నూనె.

1,400 కేలరీల రోజు ఎలా ఉంటుంది

బియ్యం, రవ్వ, పిండి కలిపి 120 గ్రాములు (425), కందిపప్పు, పెసరపప్పు వంటివి 60 (200), మీల్‌మేకర్ 30 (100), గుడ్లు రెండు (150), టోన్డ్ పాల పెరుగు 200 (120), కాఫీకి పాలు 100 (60), కూరగాయలు, ఆకుకూరలు 400 (100), ఒక జామకాయో బత్తాయో (70), నూనె 20 గ్రాములు (180). ఇందులో ప్రొటీను 65 గ్రాముల దాకా వస్తుంది, 70 కిలోల మనిషికి కిలోకు గ్రాము దగ్గర. గుడ్డు తినని ఇంట్లో పనీరో, ఉడికించిన శనగలో పెంచుకోవచ్చు.

ప్రొటీను మీద పట్టుదల ఎందుకంటే, అది అరగడానికే తన కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. కొవ్వుకైతే మూడు శాతం కూడా దాటదు. ఆకలిని ఆపడంలోనూ అదే ముందు. మన భోజనంలో తప్పు సాధారణంగా ఇక్కడే: అన్నం 300 గ్రాములు, పప్పు రెండు చెంచాలు. ఆ నిష్పత్తిని కొంచెం తిప్పాలి. ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో కలుపుకుంటే అన్నం దానంతటదే తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ప్రొటీను పెంచేముందు డాక్టరును అడగాలి.

నడక లెక్క

70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే, కూర్చుని ఉంటే అయ్యేదాని మీద అదనంగా ఖర్చయ్యేది 85, 90 కేలరీలు. రెండు టీస్పూన్ల నెయ్యి అంత. పార్కు నుంచి వస్తూ బండి దగ్గర రెండు మైసూర్ బజ్జీలు తింటే నడకంతా కొట్టుకుపోయింది. చేతి గడియారాలు చూపే "ఖర్చయిన కేలరీలు" చాలాసార్లు ఎక్కువ చూపిస్తాయి, వాటిని చూసి తిండి పెంచకండి.

అయినా నడవాలి. భోజనం తర్వాత పావుగంట నడక రక్తంలో చక్కెర పెరగడాన్ని తగ్గిస్తుంది. తగ్గిన బరువు మళ్లీ రాకుండా నిలబెట్టడంలో నడక ఉపయోగం, తగ్గించడంలో కన్నా ఎక్కువ. వారానికి రెండుమూడు సార్లు గుంజీళ్లు, గోడకు చేతులానించి దండాలు, నీళ్ల బాటిళ్లు ఎత్తడం చేస్తే కండ కరగకుండా ఉంటుంది.

తగ్గడం ఆగినప్పుడు

నాలుగు వారాలపాటు సగటు కదలకపోతే ముందు చీటీ చూడండి. 1992లో, "తక్కువే తింటున్నా తగ్గడం లేదు" అన్నవాళ్లను అమెరికాలో పరీక్షిస్తే వాళ్లు రాసినదానికన్నా అసలు తిన్నది దాదాపు రెట్టింపు ఉంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వండుతూ రుచి చూసినవి, పిల్లలు వదిలేసిన ముద్ద, ఆదివారం బిర్యానీ ఎవరికీ గుర్తుండవు. వారంలో ఆరు రోజులు 350 చొప్పున మిగిలిస్తే 2,100, ఆదివారం ఒక్కరోజే 1,500 ఎక్కువ తింటే మిగిలేది 600. ఉపవాసం పేరుతో వేయించిన సగ్గుబియ్యం వడలు తినడమూ ఇదే కథ.

లెక్క సరిగ్గానే ఉంటే, శరీరం ఖర్చు తగ్గించుకుందన్నమాట. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ పడిపోతుంది, మెదడు ఆకలిని పెంచి కదలికలను తగ్గిస్తుంది. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది యువకులకు ఆరు నెలలు సగం తిండి పెట్టినప్పుడు వాళ్ల విశ్రాంతి ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. 350 తీస్తే అంత జరగదు గానీ దారి అదే. అందుకే రోజుకు వంద కేలరీలు తగ్గిస్తే ఏటా నాలుగున్నర కిలోల పైచిలుకు అలా తగ్గుతూనే పోతాయన్న లెక్క తప్పు. లావుగా ఉన్న పెద్దవాళ్లలో, రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి కిలో తగ్గుతుంది. అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు మొత్తం మూడేళ్లలో. నూనె క్యానును 30 నుంచి 42 రోజులకు సాగదీస్తే తగ్గేది తలా నాలుగు కిలోలు. నిదానమే, కానీ క్యాను మళ్లీ 30 రోజులకు రాకపోతే ఆ నాలుగు కిలోలూ తిరిగి రావు.

పైన చెప్పిన గృహిణి 63 కిలోలకు వచ్చిందనుకుందాం. అదే సూత్రంలో వేస్తే ఖర్చు 1,735 నుంచి 1,640కి దిగింది. మొదట 350గా ఉన్న లోటు ఇప్పుడు 255. ఇంకా తగ్గాలంటే మరో వంద తీయాలి, చాలనుకుంటే 1,400 నుంచి మెల్లగా, వారానికి వంద చొప్పున పెంచుతూ తూకం నిలిచే చోట ఆగాలి. మునుపటి తిండికి తిరిగి వెళ్లడం కుదరదు. బరువుతోపాటు నడుమునూ కొలవండి. మనవాళ్లకు పొట్ట దగ్గరే కొవ్వు చేరుతుంది కాబట్టి మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే బరువు మామూలుగా ఉన్నా జాగ్రత్తపడాలి.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం తగ్గించేముందే డాక్టరుతో మందు మోతాదు మాట్లాడుకోవాలి, లేకపోతే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ లోటు లెక్క వేసుకోకూడదు. ఏమీ తగ్గించకుండానే బరువు దిగిపోతుంటే లెక్కలు పక్కనపెట్టి పరీక్షలు చేయించుకోవాలి.

కొత్త క్యాను తెరిచిన రోజున దాని మీద మార్కరుతో తేదీ రాయండి. 42వ రోజు ఏ తేదీ అవుతుందో దాని పక్కనే రాయండి.